చెరపని పేర్లు



పూర్వం మన పల్నాటి సీమలో పిచ్చుకగుంట్లవారు కాపుల ఇండ్లకు వచ్చి గోత్రాలు, తాతముత్తాతల పేర్లు పాడి చెప్పేవారు. పాడించుకొనే ఇంటికి మంచి పేర్లే చెవికింపు.

దూరాన అమెరికాలో ఒక బొమ్మల కుటుంబానికీ ఇంటి పుస్తకం ఉంది. 1989లో టీవీలో మొదలైన ‘సింప్సన్స్’కు 1991లో కుటుంబ ఆల్బం వెలువడింది. చిత్రకారుడు మ్యాట్ గ్రోనింగ్ ఆ పాత్రలకు తన తండ్రి హోమర్, తల్లి మార్గరెట్, చెల్లెళ్ళ పేర్లే పెట్టాడు. బొమ్మల హోమర్ తండ్రిని వృద్ధాశ్రమంలో ఉంచినవాడు, గుడిలో కునికేవాడు. (మన గుడిలోనూ లేకపోలేదు!) ఆల్బంలో మాత్రం అందరికీ చోటుంది.

మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని పేర్లను మనం గబగబ దాటేస్తాం. తామారు దగ్గర ఆగండి. మామవలన బిడ్డలను కన్నది. రాహాబు వేశ్య. రూతు మోవాబు నుండి వచ్చిన పరదేశి. దావీదు పాపాన్నీ మత్తయి దాచలేదు. సొలోమోను తల్లిని పేరు పెట్టి పిలువక ‘ఊరియా భార్య’ అనే వ్రాశాడు. రక్షకుని వంశావళిలో ఇందరుండగా, మనం మనవారిని కొట్టివేయడమేమిటి?

దాచేపల్లి విశ్వాసులారా, మీ ఇంటి బైబిలు అట్ట లోపల పిల్లల పేర్లు వ్రాసుకొనే ఉంటారు. మీకు నచ్చని పెండ్లి చేసుకొని వెళ్ళిన కూతురి పేరు అక్కడ ఉన్నదా? పత్తి అప్పులకు పురుగుమందు త్రాగి పోయిన తమ్ముని పేరో? విచారణ జ్ఞానస్నానపు రిజిస్టరులో ఆ పేర్లను ఎవరూ కొట్టివేయలేదు.

ఆదివారం పూజ నుండి వచ్చాక నాయనమ్మను కూర్చోబెట్టి, కలం పిల్లవాని చేతికివ్వండి. ఆమె చెప్పిన పేర్లన్నీ వ్రాయనివ్వండి. ఆ కూతురి పేరే ఆమె నోట ముందుగా రావచ్చు.