కొలువు అంటే ఏమిటి?

ఒక మాటకు అర్థం చెప్పే హక్కు ఎవరిది? ఇది పండితుల ప్రశ్న అనుకునేవాణ్ణి. చేతిలో ఎర్రసిరా పెన్ను పట్టుకున్న రోజు అది నా ప్రశ్న అయింది.

నేను సర్కారు బడిలో తెలుగు చెప్తాను. మాదిగోళ్లం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. తొమ్మిదో తరగతి పిల్లల చేత కాకతీయుల కాలం మీద వచ్చిన నవలలు చదివించాలని నా ఆశ. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’. పిల్లలు పుస్తకం తెరిస్తే మాట మాటకూ ఆగిపోయేవాళ్లు. అందుకని ఇరవై మాటలకు అర్థాలు రాసిచ్చిన. ప్రతీహారి అంటే రాజు వాకిలి కాచే మనిషి. సంధివిగ్రహి అంటే యుద్ధమూ రాజీ వ్యవహారాలూ చూసే మంత్రి. అడపం అంటే తాంబూలపు సంచి. లెంక అంటే ఏలిక కోసం ప్రాణమిస్తానని ఒట్టు పెట్టుకున్న బంటు. కొలువు అంటే రాజసభ.

ఈ పట్టిక పుట్టుక వెనుక నాదొక గాయం ఉంది. డిగ్రీలో ఉండగా ‘కంచుకి’ అంటే ఏమిటని సారు అడిగిండు. కంచు గిన్నెలు చేసేటోడు అని చెప్పిన. క్లాసంతా నవ్వింది. సారూ నవ్విండు. అంతఃపురంలో కంచుకం తొడుక్కుని తిరిగే ముసలి సేవకుడని తర్వాత తెలుసుకున్న. అంతఃపురం మా తాతముత్తాతలు చూసింది కాదు, కంచు గిన్నె చూసిందే. అయినా నవ్వింది వాళ్లు, సిగ్గుపడింది నేను. ఆ నవ్వు నా పిల్లలకు వద్దని ఈ పట్టిక రాసిన.

తర్వాత ఒక్కో మాటనూ సొంత వాక్యంలో రాయమన్న. ఒక అమ్మాయి రాసింది: “మా అమ్మ పట్నంల కొలువు చేస్తది.” నేను అడ్డంగా ఎర్రగీత గీసిన.

నోట్సు తీసుకుని ఆ పిల్ల మెల్లగా వచ్చి నిలబడ్డది.

“తప్పెట్లయితది సార్?”

“ఇక్కడ కొలువంటే రాజసభ. మీ అమ్మ ఏం పని చేస్తది?”

“ఇండ్లల్ల బోళ్లు తోముతది. కొలువు దొరికిందని అమ్మనే చెప్పింది.” కాసేపు ఆగి అడిగింది. “మీది గూడ కొలువే గద సార్?”

నా నోట మాట రాలేదు. 2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చిన నాడు మా నాయిన వాడంతా తిరిగి చెప్పిన మాట ఏమిటి? “మా పోరనికి సర్కారు కొలువచ్చింది.” మా నాయిన పన్నెండేండ్ల వయసులో పటేలు దగ్గర జీతానికి కుదిరినోడు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చిందని ఆయనకు చెప్పినోళ్లు లేరు. ఆయన నోటికి కొలువు అనే మాట గుడి ప్రసాదమంత తీపి. దాన్నే నేను ఒక పిల్ల నోట్సులో కొట్టేసిన.

ఆ రాత్రి బ్రౌన్ నిఘంటువు తీసి చూసిన. 1852 నాటిది. సేవ, ఉద్యోగం, రాజసభ, అన్నీ ఉన్నాయి. కొలుచు అంటే సేవించు. ఆ క్రియలోంచే కొలువు వచ్చింది. కొలిచేవాళ్లు ఉంటేనే అది కొలువు. లేకపోతే అక్కడ మిగిలేది ఒక కుర్చీ, దాని మీద ఒక మనిషి.

నా పట్టిక మళ్లీ చదివిన. ఇరవై మాటల్లో పదకొండు చాకిరీకి సంబంధించినవే. వాకిలి కాచేవాళ్లు, వింజామర వీచేవాళ్లు, పల్లకీ మోసేవాళ్లు, వేగు తెచ్చేవాళ్లు. ‘భేరి’కి ‘యుద్ధవాద్యం’ అని రాసుకున్న. దానికి తోలు ఎవరు బిగించిండ్రు? మా తాత డప్పుకు తోలు బిగించిన మనిషి. ఆయన మనవడికే ఆ ప్రశ్న తోచలేదు.

అట్లని ఆ మాటలన్నీ పారేద్దామా? మన మిత్రులు కొందరు అంటారు, రాజుల మాటలు మనకెందుకని. నేనొప్పుకోను. తెలియకపోవడం తిరుగుబాటు కాదు. 1261 నాటి మల్కాపురం శాసనం రుద్రమ కాలానిది. అందులో ప్రసూతిశాల ఉంది, ఆరోగ్యశాల ఉంది. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా అన్నం పెట్టాలని ఉంది. మొదట చదివినప్పుడు మనవాళ్లకూ ముద్ద దొరికిందని సంబరపడ్డ. తర్వాత ‘మొదలు’, ‘దాకా’ అనే రెండు మాటలు గుచ్చుకున్నయ్. అన్నం పెట్టిన చెయ్యే వరస కూడా గీసింది. ఆ మాటలు మనం చదవకపోతే ఆ సంగతి చెప్పేదెవరు?

ఇంకొకటి. రుద్రమ చనిపోయిందని మనకు తెలిపేది 1289 నాటి చందుపట్ల శాసనం. వేయించింది ఏ రాజూ కాదు. మల్లికార్జున నాయకుడి దగ్గర కొలువు చేసిన పువ్వుల ముమ్మడి. అతను మన వాడ మనిషని నేననను, భూమి దానం చేయగలిగినవాడు. కానీ కొలిచేవాడు రాసిపెడితేనే రాణి చావు చరిత్రకెక్కింది.

మర్నాడు ఆ అమ్మాయి నోట్సు అడిగి తీసుకున్న. ఎర్రసిరా చెరగదు. గీత పక్కన ‘వాక్యం సరైనదే, సారుది తప్పు’ అని రాసి సంతకం పెట్టి, క్లాసులో అందరికీ చదివి వినిపించిన. ఇప్పుడు మా పట్టికలో మూడు వరసలున్నయ్: మాట, పుస్తకం చెప్పే అర్థం, మన ఇంట్లో అర్థం. మూడోది పిల్లలే నింపుతారు. భేరి ఎదురుగా ఒకడు ‘డప్పుకు పెద్దన్న’ అని రాసిండు. అంతఃపురం ఎదురుగా ఇంకా ఖాళీయే.

అంతా చక్కబడిందని చెప్పలేను. “పరీక్షల ఏది రాయాలె సార్?” అని అదే పిల్ల అడిగింది. మార్కు పోతుందేమోనని “రాజసభ అని రాయమ్మా” అన్న. అన్నంక నాకే అనుమానమొచ్చింది. ఆ జవాబు పిల్ల మేలు కోరి చెప్పిందా, నా కొలువు నాతో చెప్పించిందా? ఇప్పటికీ తేల్చుకోలేకున్నా.