కొరియా సీరియళ్ళు – మన ఇంటి భోజనము



గత వర్షాకాలములో ఒక ఆదివారము మేము ఇక్కడ భివండీలో ప్రసంగపీఠము మీదనుండి కొరియా సీరియళ్ళను గట్టిగా ఖండించితిమి. అర్ధరాత్రి దాటినను మన ఆడపిల్లలు ఫోను విడుచుట లేదనియు, ఆ ప్రేమకథలు వారి మనస్సులను పాడుచేయుచున్నవనియు చెప్పితిమి. పెద్దలందరు తల ఊపిరి. ఇంటికి వచ్చిన తరువాత మా కోడలు మెల్లగా, "మామయ్యా, మీరు ఒక్కటన్న చూసిండ్రా?" అని అడిగెను.

చూడలేదు. పాఠము చదువకుండ పిల్లల పేపర్లు దిద్దిన పంతులు పని చేసితిమి. మా తరమువారికి కొరియా అనగా తెల్లవారకముందే ప్రార్థనకు లేచు సంఘములే గాని, ఈ సీరియళ్ళ సంగతి తెలియదు.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము తెరచి చూడుడి. ఏథెన్సు నిండ విగ్రహములుండుట చూచి పౌలు మనస్సు మండెను. అయినను అతడు నోరు తెరచుటకు ముందు ఆ వీధులలో తిరిగి, వారు పూజించువాటిని శ్రద్ధగా చూచెను. ఎరుగని దేవుని పేరిట కట్టిన బలిపీఠము అతనికి అట్లే కనబడెను. వారి కవుల మాటను కూడ ఎత్తి చెప్పెను. చూడకుండ మాటలాడియుంటే ఆ బలిపీఠము అతనికి దొరికెడిదా?

కాబట్టి కోడలి ప్రక్కన కూర్చుండి ఒకటి చూచితిమి. 2025 మార్చిలో వచ్చిన 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్', 16 భాగములు. కథ జేజు అను దీవిలో జరుగును. ఏసున్ తల్లి ఊపిరి బిగబట్టి సముద్రములో మునిగి బ్రతుకుతెరువు వెదకుకొని, చిన్న వయస్సులోనే చనిపోయిన స్త్రీ. ఏసున్ భర్త గ్వాన్‌సిక్ చేపలు పట్టువాడు. పేదరికము, బిడ్డను పోగొట్టుకొను దుఃఖము, అన్నియు ఉన్నవి. దాని కొరియా పేరు ఆ దీవి యాసలో "చాలా కష్టపడినారు" అని కృతజ్ఞత చెప్పు మాటయట. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలిచి దూది అంటిన తలతో వచ్చువారికి, ఇంటిపనియు కండెల పనియు చేయు స్త్రీలకు మనలో ఎవరు ఆ మాట చెప్పుచున్నాము?

అందులో ఒకచోట మగవారు ఒక బల్ల దగ్గర, ఆడవారు వేరొక బల్ల దగ్గర భోజనము చేయుచుందురు. గ్వాన్‌సిక్ మగవారికి వీపు త్రిప్పి, భార్య వైపు కూర్చుండి తినును. మా కోడలు అక్కడ ఫోను ఆపి కన్నులు తుడుచుకొనెను. మేము మా వంటింటి వైపు చూడలేకపోతిమి.

అన్నియు ఇట్టివని చెప్పము. కొన్నిటిలో నాయకుడు పిల్ల మణికట్టు పట్టి ఈడ్చుకొనిపోవును; దానిని ప్రేమ అందురు. అమ్మాయిలారా, అది దౌర్జన్యమే. కోటీశ్వరుల కథలలో ఇంటి అద్దె, సేటు దగ్గర అప్పు, సాంచాలు ఆగిన వారము కనబడవు. అలసిన భర్తను ఆ నటునితో పోల్చుట న్యాయము కాదు. నటుని ప్రతి మాటయు వ్రాసియిచ్చువారు వేరే ఉన్నారు. యాకోబు రాహేలు కొరకు ఏడేండ్లు కొలువు చేసిన సంగతి ఆదికాండము 29లో చదివి సంతోషింతుము. అదే ఇంటిలో ప్రేమకు నోచని లేయా ఉన్నది. పెండ్లితో కథ ముగించు సీరియలు ఆమె జోలికి పోదు; దేవుడు మాత్రము ఆమెను చూచెను.

మరుసటి ఆదివారము మేము సంఘము ఎదుట మా తొందరపాటును ఒప్పుకొంటిమి. యౌవనస్థుల కూడికలో నెలకొక సీరియలు గూర్చి మాటలాడుకొందమని చెప్పితిమి. ఒకరిద్దరు పెద్దలు ఇంకను ముఖము చిట్లించుచున్నారు.

ఆ రాత్రి పళ్ళెము పట్టుకొని వంటింటిలోనికి వెళ్ళి నేలమీద కూర్చుంటిమి. మా భార్య తనకు వడ్డించుకొనువరకు ముద్ద ఎత్తలేదు. పెండ్లియై నలువది ఏండ్లు. ఆమె మా ముఖము తేరిచూచి, "ఏందయ్యా, పానం మంచిగ లేదా?" అని అడిగెను.