తెలియుట – తెలిసినట్లుండుట

ఉపాధ్యాయుడు విద్యార్థికి తృప్తి గలిగింపవలెనా, జ్ఞానము గలిగింపవలెనా? ఈ రెండును ఒక్కటియే యని మనలో పెక్కుమంది తలంతురు. పాఠము ధారాళముగ సాగినది, బాలుడు ఇంటికి వచ్చి "మాష్టారు బాగా చెప్పేరు, అంతా తెలిసింది" అనినాడు, తలిదండ్రులు సంతసించినారు. ఇక లోపమేమున్నదని యడుగవచ్చును. కళాశాలలో భౌతికశాస్త్రము క్రొత్తగా చదువువారి విషయమున నీ సంతోషమే విద్యకు అడ్డు తగులుచుండునని పరీక్షించి చూచినవారు చెప్పుచున్నారు. ఇది బోధనాపద్ధతికి మాత్రమే చెందిన విషయము కాదు, ధర్మమునకును చెందినది.

మా కోనసీమలో వైనతేయనదిపై గన్నవరపు అక్విడక్టును ఎరుగనివారు లేరు. క్రింద నది, పైన కాలువ. కాటను దొర కాలమున, 19వ శతాబ్ది నడుమ, కట్టినదానికి మారుగా 2000 సంవత్సరమున క్రొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. ఆ కాలువలో బరువైన పడవ యొకటి మెల్లగా తేలుచు వంతెనపైకి వచ్చినదనుకొందము. క్రింది స్తంభములపై భారము పెరుగునా, తగ్గునా, మారకుండునా? ఆర్కిమిడీసు సూత్రమును తప్పులేక అప్పగించు పిల్లలను ఈ ప్రశ్న యడిగి చూచితిని. సగముకంటె ఎక్కువమంది "పెరుగుతుందండీ" అనిరి. సూత్రము నోటనున్నది, పడవ మనసులో నున్నది. రెంటికిని పొత్తు కుదురలేదు.

నేను సమాధానము చెప్పక, ప్రక్కవారితో వాదించుకొనుడంటిని. కొంతసేపటికి ఒక మూలనుండి "పడవొస్తే అక్కడి నీళ్లు ఎక్కడికి పోతాయే?" అని యొక బాలిక తన చెలికత్తె నడుగుట వినబడినది. కీలు అక్కడనే యున్నది. తేలు పడవ తన బరువుకు సరియగు నీటిని ప్రక్కకు త్రోయును. ఆ నీరు కాలువ పొడవున సర్దుకొనును. కనుక వంతెనపై భారము మారదు. నేనే చెప్పియుండినచో ఒక్క నిమిషము పట్టెడిది. వారు తెలిసికొనుటకు అరగంట పట్టినది.

ఈ పద్ధతి నాది కాదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఎరిక్ మజూర్ అను భౌతికాచార్యుడు 1991 ప్రాంతమున దీనిని ఆరంభించినాడు. ఆయన ప్రశ్న యిచ్చును. ప్రతివాడును తన సమాధానమును తెలుపును. పిమ్మట ప్రక్కవానితో వాదించి, మరల తెలుపును. తొలిసారి సరిగా చెప్పినవారు నూటికి సుమారు 30కిని 70కిని నడుమ నున్నప్పుడే వాదము బాగుగ ఫలించునట. అంతకు తక్కువైనచో గురువే మరల విప్పి చెప్పవలెను. కావున నిది గ్రుడ్డివానికి గ్రుడ్డివాడు దారి చూపుట కాదు. 2014లో 225 పరిశోధనలను కూర్చి చూడగా, విజ్ఞాన, గణిత, ఇంజనీరింగు విద్యలలో ఉపన్యాసము వినువారు నూటికి 34 గురు తప్పగా, ఇట్టి తరగతులలో 22 గురు తప్పిరని తేలినది.

నన్ను ఆలోచింపజేసినది ఈ లెక్క కాదు. 2019లో హార్వర్డు భౌతికశాస్త్ర తరగతులలోనే జరిగిన మరియొక పరీక్ష. ఒకే పాఠమును ఒక వర్గమునకు చక్కని ఉపన్యాసముగను, మరియొక వర్గమునకు ప్రశ్నలతో, చర్చతోను బోధించిరి. పరీక్షలో చర్చించినవారే మిన్నగా నుండిరి. కాని ఎంత నేర్చితిరని యడుగగా, ఉపన్యాసము విన్నవారే తాము ఎక్కువ నేర్చితిమనుకొనిరి! వక్త ధారాళత శ్రోతకు తన తెలివివలె తోచును. శ్రమపడినవాడు తన శ్రమనే అజ్ఞానమని భ్రమించును. శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరని కఠోపనిషత్తు చేసిన విభాగమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము నాకు దొరకలేదు.

అయినను ఒక చిక్కున్నది. ఫీజు కట్టి, ఉపన్యాసమే కావలెనని కోరు విద్యార్థి కోరికను త్రోసిపుచ్చు అధికారము గురువున కెక్కడిది? రహస్యముగ త్రోసిపుచ్చు అధికారము లేదని నా తలంపు. మొదటినాడే చెప్పవలెను: 'మీకు కష్టముగ నుండును, ఏమియు రాలేదనిపించును, కాని వచ్చును' అని. అట్లు ముందుగా చెప్పినచో విద్యార్థుల విముఖత తగ్గినదని ఆ పరిశోధకులే కనుగొనిరి. ఇంటివద్ద పెద్దలకును ఈ మాట తెలియవలెను. "ఆయన చెప్పరు, పిల్లలచేతే చెప్పిస్తారు" అని నిందించు తండ్రులను నేనెరుగుదును. వారి నిందలో దురుద్దేశము లేదు. వారు నోట్సును తూచి విద్యను కొలుచుట నేర్చినవారు.

పోటీపరీక్షలకు పాఠములు ముగియవను ఆక్షేపణ బలమైనదే. ప్రతి పాఠమును ఇట్లు చెప్పుట సాధ్యము కాదు, అక్కరయు లేదు. కాని తర్కమున పూర్వపక్షము చెప్పనిదే సిద్ధాంతమునకు పోరాదని నియమము పెట్టుకొనిన జాతివారము, భౌతికశాస్త్రమును మాత్రము సిద్ధాంతముతో మొదలిడి సిద్ధాంతముతోనే ముగించుచున్నాము. పిల్లవాని మనసులోని పూర్వపక్షమును ఎవరును అడుగరు.

అడుగుటలో మరియొక లాభమున్నది. 'చెప్పగలవారు చేయెత్తుడు' అనినచో ఆ నలుగురే, పెద్దయిండ్ల పిల్లలే, ఎత్తుదురు. అందరును ఒక్కసారిగ వ్రేళ్లు చూపవలెననినచో వెనుక బల్లమీది వానికిని, ఎన్నడును నోరు విప్పని ఆడపిల్లకును ఒక అభిప్రాయము ఉండక తప్పదు. పడవ కదలిక విషయమున తీరమునందలి పల్లెవారి పిల్లవాడు వకీలుగారి అబ్బాయికి గురువగును.

ఇందుకు ప్రశ్నలు కావలెను. అవి బోస్టను నుండి రానక్కరలేదు. లాకు తలుపు ఇరువైపుల నీరు సమమగువరకు ఏల తెరువలేరు? దింపువాడు కొబ్బరిగెలను కోయగా పండుకాయయు, లేతబొండమును నేలను ఒక్కసారిగ తాకునా? గడ వేయువాడు నేలను వెనుకకు త్రోయగా పడవ ముందుకేల పోవును?