కొత్త నేల, పాత చెమ్మ

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఇల్లు అమ్మడానికి ఎన్ని ఆడవచ్చో మాత్రం చెప్పకుండా పోయారు. చెప్పి ఉంటే మా అమ్మాయి ఇంట్లో అంత రభస జరిగేది కాదు.

వాళ్లుండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో. అక్కడ చలికాలం వస్తే భూమే గడ్డకడుతుంది. పునాది ఆ లోతు దాటి దిగాలి. ఎలాగూ తవ్వాం కదా అని మరికాస్త తవ్వి, ఇంటి కిందే ఓ గది కట్టేస్తారు. దాన్నే బేస్‌మెంట్ అంటారు. మన అటక నేల కిందికి దిగిందనుకోండి. బట్టలుతికే మిషనూ, పాత సూట్‌కేసులూ, పిల్లల ఆటలూ అన్నీ అక్కడే.

ఇల్లు అమ్మాలనుకోగానే అందరి చూపూ ఆ గది మీద పడింది. తివాచీ అరిగి దారాలు తేలిపోయింది.

"కొత్త నేల వేయించేద్దాం అత్తయ్యగారూ! చూడగానే నచ్చాలి కదా" అన్నాడు మా అల్లుడు. నిజమే. పెళ్లిచూపులకి పిల్లకి ఉన్నవాటిలో మంచి చీర కట్టమూ?

తీరా తివాచీ ఎత్తితే, ఓ మూల తెల్లగా ఉప్పు పూసి ఉంది. గట్టివాన పడితే అక్కడ చెమ్మ వస్తుందని వాళ్లకి ముందే తెలుసుట! అల్లుడు మూరెడు ప్లాస్టిక్ ముక్క ఆ కాంక్రీటు మీద పరచి, నాలుగువైపులా టేపు అంటించాడు. మర్నాటికి దాని కింద నీటిబొట్లు! కాంక్రీటు చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ, వత్తి నూనె పీల్చినట్టు భూమిలోని తడిని పైకి పీలుస్తుంది. దాని మీద గాలాడని షీటు పరిచేస్తే, ఆ తడి ఆరే దారి లేక అడుగున బూజు పడుతుంది.

"పైన కొత్తది వేసేస్తే ఇవేం కనపడవులే" అంది మా అమ్మాయి.

ఆ మాటతో నాకు గుంటూరులో మేం 1984లో కొన్న ఇల్లు గుర్తొచ్చింది. కొత్తగా వేసిన సున్నం చూసి మురిసిపోయాం. మొదటి వానకే పడగ్గది కప్పు కారింది. గిన్నెలు పెట్టుకుంటూ, చంటిపిల్లని ఒళ్లో వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. అమ్మినాయన్ని తిట్టని తిట్టు లేదు. ఆ చంటిపిల్లే ఇప్పుడు "కనపడవులే" అంటోంది.

ఆ సంగతి చెప్తే, "కొనేవాళ్లు ఇన్‌స్పెక్టర్ని తెచ్చుకుంటారమ్మా. చూసుకోవడం వాళ్ల పని" అంది.

కంటికి కనపడేది చూసుకోవడం వాళ్ల పనే. మనకి మాత్రమే తెలిసింది చెప్పడం ఎవరి పని? కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం అమ్మేవాడికి తెలిసుంటే చెప్పి తీరాలని, 1882 నాటి మన ఆస్తి బదిలీ చట్టమే 55వ సెక్షన్లో చెబుతోంది. ఒహాయోలో అమ్మేవాళ్లు నింపే ఫారంలోనూ బేస్‌మెంట్‌లో నీరు వచ్చిందా అని సూటిగా అడుగుతారు.

చట్టం అలా ఉంచండి. పెళ్లికొడుక్కి కొత్త చొక్కా తొడగడం అలంకారం. ఉద్యోగం ఊడిన సంగతి దాచడం మోసం. చొక్కా అరువుదని తర్వాత తెలిస్తే నవ్వుకుంటారు. ఉద్యోగం సంగతి తెలిస్తే ఏడుస్తారు. అరుగుదల మీద కొత్త నేల వేస్తే చొక్కా. చెమ్మ మీద వేస్తే అదే నేల అబద్ధం.

"ధర తగ్గితే నువ్విస్తావా?" అంది కోపంగా. నా దగ్గరెక్కడిది? నోరు మూసుకున్నాను. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

మూడోనాడు అల్లుడే గొడుగేసుకుని వానలో ఇంటి చుట్టూ తిరిగొచ్చాడు. చూరు గొట్టం నీళ్లన్నీ పునాది పక్కనే పడుతున్నాయిట. గొట్టాన్ని దూరంగా పొడిగించి, నీళ్లు బయటికి జారేలా మట్టి ఎత్తు చేయించాడు. రెండు మూడు వానలు చూసి, మూల పొడిగా ఉందని తేలాకే కొత్త నేల వేయించారు. అయినా ఫారంలో "వచ్చింది, ఫలానా మరమ్మతు చేశాం" అని మా అమ్మాయే రాసింది.

ధర కొంత తగ్గించుకోక తప్పలేదు. ఆ లోటు వాళ్లకి చిన్నదేం కాదు, నాకు తెలుసు.

కానీ ఏ వానరాత్రో ఓ తల్లి పిల్లని ఒళ్లో వేసుకుని మా పిల్లని తిట్టుకోదు కదా! దానికెంత ఖరీదు కట్టాలో మీరే చెప్పండి.