ఆకలి ప్రతిమకు వేలము

మా భీమ్‌గల్ ప్రాంతమున ఇత్తడి బిందెను తూచి కొందురు. లింబాద్రి గుట్ట నరసింహస్వామి విగ్రహమునకు వెల యడుగరు. వంగశిల్పి సోమనాథ్ హోర్ (1921–2006) కంచుబొమ్మ ఈ రెంటిలో దేనితో చేరును? 1943 నాటి వంగదేశపు కఱవును కన్నులతో చూచి చిత్రించిన యాయన, 1970వ దశకము మొదలు మైనపు రేకులను కోసి, కాల్చి, ఆ యెండిన దేహములనే చిన్న కంచు ప్రతిమలుగా మలచెను. నేడవి వేలముపాటలో లక్షల రూపాయలకు పోవుచున్నవి. ఆకలిని కొనుట పాపమని కొందఱందురు. మేమట్లనము, బ్రదికియున్ననాడు శిల్పికిని అన్నము వలయును గదా! కొన్నదానిని ఇనుపపెట్టెలో దాచుటయే మాకు దోషముగా తోచుచున్నది. ఆయన చేసిన పెద్ద తల్లీబిడ్డల ప్రతిమ 1977లో శాంతినికేతనమున అపహృతమై మరల కానరాలేదు. చూడగోరినవానికి ఆ దొంగకును ఈ దొరకును భేదమేమి?