కన్ను కరగని చోట

హనుమకొండలో కాలేజీకి పోయే పిల్లలున్న ఇంట్లో జపాన్ బొమ్మల సినిమా అనిమే పేరు వినబడకుండా ఉండదు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగు మాటలతో కూడా థియేటర్లకు వచ్చింది. మా మనుమరాలికి జపాన్ గొంతులే ఇష్టమట. అయినా తెలుగులోనూ చూసొచ్చింది. ఇంట్లో దాని పక్కన కూర్చుని నేనూ చాలానే చూశాను. ఎంత చూసినా అనిమే నాకు ఎక్కలేదు.

వయసు తేడా అనుకుని వదిలేసేదాన్నే. కానీ ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ చూసిన రాత్రి ఆ పిల్ల అడిగిన మాట వదిలేసేది కాదు. “అమ్మమ్మా, సెత్సుకో అట్ల పాణం ఇడుస్తుంటే నీకు ఏడుపు రాలేదా? జాలి కూడా అనిపించలేదా?”

1988లో ఇసావో తకహాతా తీసిన సినిమా అది. 1945లో కోబె నగరం మీద అమెరికా విమానాలు నిప్పుబాంబులు కురిపించినప్పుడు తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ల కథ. చెల్లెలు సెత్సుకో తిండి లేక చచ్చిపోతుంది. ఎన్నో దేశాల వాళ్లు ఏడ్చారు. నా కన్ను తడవలేదు.

పదిమంది గుండె కరిగిన చోట ఒకరి గుండె కరగకపోతే, ఆ మనిషిలో దయ తక్కువైనట్టేనా? మనుమరాలు అడిగింది ఇదే. డిగ్రీ కాలేజీలో అలంకారశాస్త్రం చెప్పినదాన్ని కనుక పాత పుస్తకాల దగ్గరికే పోయాను. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ధర్మదత్తుని అభిప్రాయం ఒకటి ఉదాహరిస్తాడు: వాసన, అంటే లోపల పేరుకున్న సంస్కారం, లేనివాడు నాటకశాలలో కర్రకూ గోడకూ రాయికీ సమానం. ఈ మాట క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు కష్టంగానే ఉండేది. ఇంటి దగ్గర బిడ్డను సాకుతూ, పొలంలో కూలికి పోతూ నాటకం మొహమే చూడని తల్లిని రాయి అనడానికి నాకు నోరు రాదు. అభినవగుప్తుడు ఇంకాస్త దయగా ఆలోచించాడు. కావ్యాలను పదే పదే చదవగా చదవగా అద్దంలా తేటపడిన మనసుకే తన్మయత్వం కలుగుతుందన్నాడు. అంటే సహృదయత సాధనతో వచ్చేది. అక్కడి నుంచి నేను ఒక అడుగు ముందుకు వేస్తాను: ఏ కళతో సాధన చేశామో మనసు ఆ దారినే ముందుగా తెరుచుకుంటుంది.

మేడారం జాతరకు వచ్చినవాళ్లకు ఇది వివరించనక్కర లేదు. చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేలుస్తాడు, జనం పూనకంతో ఊగిపోతారు. అక్కడ విగ్రహం లేదు. కుంకుమభరిణె, గద్దె మీద నిలిపే వెదురు, భక్తులు బంగారమని పిలిచి ఇచ్చే బెల్లం, అంతే. దూరరాష్ట్రం నుంచి వచ్చిన మనిషి ఆ గుంపులో ఊరికే నిలబడి చూస్తుంటే వాణ్ని ఎవరూ కఠినాత్ముడనరు. వాడికి చిన్నప్పుడు ఎవరూ సమ్మక్క కథ చెప్పలేదు, ఎవరూ భుజాన ఎక్కించుకుని గద్దెల దాకా మోసుకుపోలేదు.

నన్ను మోసుకుపోయింది ఒగ్గుకథ. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో, డోలు మోతలో, ఒకే మనిషి రాజవుతాడు, రాణి అవుతాడు, ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఆగి మనకేసి చూస్తాడు. ఆయన గొంతు పూడుకుపోతుంది, చెమట కారుతుంది. భరతుడు చెప్పిన సాత్వికాభినయం ఒక మనిషి ఒంట్లో పుడుతుంది. అనిమేలో కన్నీరూ గీతే, గగుర్పాటూ గీతే. పెదవులొక్కటే కదులుతూ ఒళ్లంతా నిశ్చలంగా ఉండే ఆ ముఖాల ముందు నాకు ఆనుకోవడానికి మనిషి దొరకడు.

మనుమరాలు దీన్ని ఒప్పుకోలేదు. “మరి చేర్యాల పటం? అది బొమ్మ కాదా? దాంట్ల కూడా పెద్ద పెద్ద కళ్లే గదా?” అంది. అంతటితో ఆగలేదు. పెద్ద కళ్లు, కణతల మీద కోపపు గుర్తు, చెంప పక్కన వేలాడే చెమటబొట్టు, ఇవన్నీ నువ్వు చెప్పే నాట్యధర్మే, అంటే సంకేతాలతో చెప్పే అభినయమే కదా అంది. నిజమే. నేర్చుకున్నవాళ్లకు అది భాష. చేర్యాల పటానికి పక్కనే కథకుడు ఉంటాడన్నదొక్కటే నా జవాబు. పటం విప్పుతూ, వేలితో చూపిస్తూ పాడే గొంతు లేకపోతే ఆ ఎర్రటి నేపథ్యం మీది మనుషులు కూడా నాకు ఇంతగా పలకరేమో.

తర్వాత ఒకరోజు అన్నం తింటూ అదే అన్నాచెల్లెళ్ల కథ ఆ పిల్ల ఎవరికో ఫోన్‌లో చెబుతోంది. చెల్లెలి అస్థికలను అన్న మిఠాయి బిళ్లల డబ్బాలో దాచుకున్నాడని చెబుతుంటే దాని గొంతు తడబడింది. నాకు ముద్ద దిగలేదు. సినిమాలో చూసినదే అది. విన్నప్పుడు ఏడ్చాను.

ఇంతకన్నా కష్టమైన ప్రశ్న రాముడి దగ్గర వచ్చింది. యుగో సాకో అనే జపాన్ దర్శకుడు మన యానిమేటర్ రామ్‌మోహన్ వంటివారితో కలిసి రామాయణాన్ని అనిమేగా తీశాడు. 1992లో పూర్తయిన ఆ చిత్రం 2025 జనవరిలో తెలుగులోనూ విడుదలైంది. ఎక్కడో పుట్టిన మనిషి రాముణ్ని ఇంత ప్రేమగా చేత్తో గీయించుకున్నాడే అని చేతులెత్తి దండం పెట్టాను. కానీ నాకు రాముడు కనబడలేదు. అదే ఏడు జూలైలో ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ వచ్చింది, జనం చెప్పులు బయట విడిచి హాల్లోకి పోయారు, భజనలు చేశారు. ఆ హాల్లో కూర్చున్నప్పుడు కూడా నాలో ఏమీ కదలలేదు. జాలి లేదనిపించుకోవడం ఒక ఎత్తు, భక్తి లేదేమో అని నాకు నేనే భయపడటం ఇంకో ఎత్తు.

నాకు ధైర్యమిచ్చింది ప్రహ్లాదుడే. మాకు దగ్గరి ఊరే బమ్మెర. భాగవతాన్ని తెలుగు చేసిన పోతన ఊరు. ఆ భాగవతపు సంస్కృత మూలంలో తండ్రి ముందు నిలబడి ఆ పిల్లవాడు తొమ్మిది విధాల భక్తి చెబుతాడు. శ్రవణం మొదటిది, ఆ తర్వాత కీర్తనం, స్మరణం. పాదసేవ ఉంది, అర్చన ఉంది, సఖ్యం ఉంది. దర్శనమని విడిగా ఒకటి లేదు. మూర్తిని పూజించేవాళ్లకు చూపు కావాల్సిందే, కాదనను. కానీ వినడాన్ని ముందు పెట్టిన ఆ వరుసలో నాలాంటివాళ్లకు కూర్చునే చోటు ఉంది. ఆ హాల్లో భజన చేసినవాళ్లకూ ఉంది. ఒకరి భక్తిని ఇంకొకరి కన్నీళ్లతో కొలిచే హక్కు ఏ శాస్త్రమూ ఎవరికీ ఇవ్వలేదని నా నమ్మకం.

అనిమే తక్కువ కళ అనేవాళ్లతో నేను చేరను. కాకతీయ రాజు గణపతిదేవుని గజసేనాని జాయప నృత్త రత్నావళి రాసినప్పుడు ఎనిమిది అధ్యాయాల్లో నాలుగింటిని దేశి నృత్తాలకే ఇచ్చాడు. జనం ఆడేదాన్ని శాస్త్రంలో కూర్చోబెట్టిన ఊరు మాది. మా మనుమరాలి తరం ప్రేమించేదాన్ని కూడా ఎవరో ఒకరు అంత శ్రద్ధగా రాయాలి. అయితే ఆ సాధన నేను మొదలుపెట్టను. నాకు మిగిలిన కాలం పోతన పద్యాలు చదివించుకుని వినడానికే కావాలి. ఇప్పుడు సాయంత్రం పూట చదివి వినిపించేది ఆ పిల్లే, గజేంద్రమోక్షం దగ్గర ఉన్నాం.