పెద్ద స్క్రీన్‌లో చూస్తే అది దర్శనమేనా?



తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడసేవ. నాలుగు మాడవీధుల్లో లక్షల మంది ఉంటారు. అందరికీ స్వామి ఒకేసారి కనిపించరు కాబట్టి టీటీడీ పెద్ద ఎల్‌ఈడీ స్క్రీన్‌లు పెడుతుంది. మన ఎన్టీఆర్ స్టేడియంలో కోటి దీపోత్సవం జరిగినప్పుడూ అంతే. వెనక కూర్చున్నవాళ్లు కల్యాణంలో తలంబ్రాలు చూసేది స్క్రీన్ మీదే. మరి అది దర్శనమా, టీవీ చూడటమా?

స్క్రీన్ పెట్టడం తప్పు కాదనే నేనంటాను. గర్భాలయంలో మూలవిరాట్టు కదలదు. అందుకే ఉత్సవమూర్తిని వీధిలోకి తెస్తారు. గుళ్లోకి రాలేని ముసలివాళ్ల దగ్గరికి స్వామే వస్తాడు. మా నాయనమ్మ జనంలో నిలబడలేదు. ఆవిడకి ఆ స్క్రీన్ కూడా స్వామి దయే.

కానీ ఒక సంగతి గమనించండి. ఎల్‌ఈడీ స్క్రీన్ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల గోడ. చుక్కల మధ్య ఎడం ఎన్ని మిల్లీమీటర్లో, కనీసం అన్ని మీటర్ల దూరంలో నిలబడి చూడాలని ఓ మోటు లెక్క ఉంది. దగ్గరికెళ్తే బొమ్మ పోయి చుక్కలే మిగులుతాయి. అంటే అది దూరంగా ఉన్నవాళ్ల కోసం చేసింది. అయినా వాహనం పది అడుగుల దూరంలో వెళ్తున్నా కొందరు స్క్రీన్ కేసే చూస్తారు.

అసలు పరీక్ష కెమెరా జనం వైపు తిరిగినప్పుడు. జోడించిన చేతులు విడిపోయి టాటా చెప్తాయి. ఉప్పల్‌లో మ్యాచ్‌కైతే సరదానే. కానీ దర్శనమంటే మనం స్వామిని చూడటంతో అయిపోదు, స్వామి చూపు మన మీద పడాలి. కెమెరా చూపు కోసం వెతుకుతుంటే ఆ చూపు గుర్తుంటుందా?

"దేవుడు సర్వాంతర్యామి కదా, స్క్రీన్‌లో లేడా?" అనొచ్చు. ఉన్నాడు. మన వెనక ఏమీ కనిపించక మునివేళ్ల మీద లేస్తున్న పెద్దాయనలోనూ ఉన్నాడు. ముందు ఆయనకి కాస్త చోటిద్దాం. మనం స్క్రీన్ చూసినా పర్లేదు.

మాది పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా మూసీ మీద కట్టించిన ఆ వంతెన మీద ఇప్పుడు కూరగాయలు అమ్ముతారు. ఆగుతాం, బేరమాడతాం, కొనుక్కుంటాం. కానీ ఎవరూ అక్కడే కాపురం పెట్టరు. స్క్రీన్ కూడా అలాంటి వంతెనే. కళ్లు అక్కడ ఆగినా, మనసు దాటి స్వామి దగ్గరికి చేరాలి.

ఈసారి ఉత్సవానికి వెళ్తే, దగ్గరుంటే స్వామినే చూడండి. దూరంగా ఉంటే స్క్రీన్ చూసి దణ్ణం పెట్టుకోండి. కెమెరా మీ వైపు తిరిగినా ఆ చేతులు అలాగే ఉంచండి.

శుభం.